ఒక నిమిషం యాభై రెండు సెకన్లలో పదో తరగతి

హన్విక పదో తరగతి పూర్తి చేసిన రోజున దానికి పై పళ్లు రెండూ లేవు. జూన్ నెలాఖరు. పిల్ల బడికి వెళ్లి పావుగంట కూడా కాలేదు. నాంచారమ్మ పక్కబట్టలు దులిపి దండెం మీద వేస్తోంది. అంతలో గుమ్మంలో అలికిడైంది. చూస్తే హన్విక. భుజాన సంచీ, చేతిలో గాజుకాగితం కవరులో ఏదో పత్రం, మెడలో ఎర్ర రిబ్బనుకి వేలాడుతున్న రేకు పతకం.

"ఏందే, అప్పుడే వచ్చావ్? కడుపులో నెప్పా? జొరమా?" అంటూ నాంచారమ్మ పిల్ల నుదురు తాకి చూసింది, మెడ కింద చూసింది, పొట్ట నొక్కి చూసింది.

"నెప్పేం లేదు. అయిపోయింది."

"ఏం అయిపోయింది?"

"బడి," అని పిల్ల సంచీ మూల పడేసి మరచెంబు అందుకుంది.

నాంచారమ్మ పత్రం తీసుకుని పెదాలు కదుపుకుంటూ చదివింది. 'గుల్లలపాలెం ప్రభుత్వ పాఠశాల. చిరంజీవి కె. హన్విక, వయసు ఆరు. ఒకటవ తరగతి నుండి పదవ తరగతి వరకు విద్యాభ్యాసము సంపూర్తి. పట్టిన కాలము: ఒక నిమిషం యాభై రెండు సెకన్లు. ప్రవర్తన: వేగము.' అడుగున గుండ్రటి ముద్ర. అది టీసీ. బడికీ పిల్లకీ రుణం తీరిపోయిందని ఇచ్చే కాగితం.

దీని వెనక కథ జిల్లా కేంద్రంలో మొదలైంది. విద్యాశాఖకి కొత్తగా విశ్వంభరం గారనే పెద్ద అధికారి వచ్చారు. ఒక ఆదివారం వారబ్బాయి కంప్యూటర్ ముందు నవ్వుతుంటే, చదవడం లేదని పట్టుకుందామని ఆయన వెనగ్గా వెళ్లి నిలబడ్డారు. తెర మీద బందరు కుర్రాడు ఇర్ఫాన్ ఆడిన ఆట నడుస్తోంది. ఒక కోట, దాంట్లో డెబ్భై రెండు గదులు. మామూలు మనిషికి ఆ ఆట ముగించడానికి నలభై గంటలు పడుతుందట. ఇర్ఫాన్ ఆడే బొమ్మమనిషి మొదటి గదిలోకి వెళ్లి ఒక మూల గోడకి వీపు ఆనించి మూడుసార్లు ఎగిరాడు. గోడలోంచి అవతలికి జారి, నేరుగా ఆఖరి గదిలో పడ్డాడు. నాలుగు నిమిషాల్లో ఆట పూర్తి. ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్లో చప్పట్లు కొట్టారు.

"మరి మధ్యలో డెబ్భై గదులు?" అన్నారు విశ్వంభరం గారు, కొడుకుని తిట్టడం మర్చిపోయి.

"అక్కర్లేదు నాన్నా. దీన్ని స్పీడ్‌రన్ అంటారు. 'పూర్తి' అని తెర మీద పడితే ఆట పూర్తయినట్టే."

ముప్పై ఏళ్ల సర్వీసులో తన శాఖ గురించి అంత క్లుప్తంగా ఎవరూ చెప్పలేదు ఆయనకి. సోమవారం పొద్దున్నే ఉత్తర్వు వెలువడింది.

'సమస్త ప్రధానోపాధ్యాయులకు తెలియజేయునది ఏమనగా, విద్యార్థి ఒకటవ తరగతి గడప దాటిన క్షణము మొదలు పదవ తరగతి హాజరుపట్టీలో పేరు పలికిన క్షణము వరకు పది సంవత్సరముల కాలము పట్టుచుండుట తీవ్ర జాప్యముగా గుర్తించడమైనది. ఇకమీదట శీఘ్ర సంపూర్తి పథకము అమలులోనికి వచ్చును. మధ్యగల తరగతులు, పాఠములు, ఉపాధ్యాయులలో ముగింపునకు అత్యవసరము కానివాటిని దాటవేయవచ్చును. తక్కువ సమయము నమోదు చేసిన పాఠశాలకు పతకము.'

గుల్లలపాలెంలో చిన్నబడి, పెద్దబడి వీపూ వీపూ ఆనించుకుని ఉంటాయి. మధ్యలో ఒకటే గోడ. అన్నం వండే రేకుల షెడ్డు వెనక ఆ గోడ తుపానుకి పగిలి, పిల్లి దూరేంత సందు పడి తొమ్మిదేళ్లయింది. ప్రధానోపాధ్యాయులు కోటిలింగం మాస్టారు ఆ సందు మూయించమని ఏటా కాగితం పెట్టేవారు. ఇప్పుడు ఆయన ఆ సందు దగ్గర కూర్చుని కొలతలు వేసుకున్నారు. ఒకటో తరగతి గుమ్మంలోంచి బయల్దేరి, షెడ్డు పక్కగా సందులో దూరితే, పదో తరగతి వెనక తలుపు దగ్గర తేలొచ్చు. హాజరు పిలిచే వేళకి బెంచీ మీద కూర్చుని 'ప్రెజెంట్ సార్' అంటే చదువు పూర్తి. కావలసిందల్లా సన్నటి పిల్ల. బళ్లో అందరికన్నా సన్నది హన్విక.

*

"నాలుగు రోజుల్నించి పిల్ల చెమటలు కక్కుకుంటా వస్తంటే ఆటలేమో అనుకున్నా మాస్టారూ," అంది నాంచారమ్మ, బడి వరండాలో నిలబడి. "దానికి అఆలే రావండీ."

"ఎందుకు రావాలమ్మా?" అన్నారు మాస్టారు ప్రేమగా. "అవి దారిలో లేవుగా. మొన్న ప్రాక్టీసులో ఒక పిల్లోడు గోడ మీద 'అ' అక్షరం చూసి ఆగాడు. అక్కడే పదకొండు సెకన్లు హారతి కర్పూరమైపోయినయ్. వెనక్కి పిలిచి మళ్లీ మొదట్నుంచి పరిగెత్తించాల్సొచ్చింది. మీ అమ్మాయి అట్టా కాదు. దేనివైపూ చూడదు. రత్నం!"

"పోనీ రేపట్నించి ఒకటో తరగతిలో కూర్చోబెట్టుకోండి. ఓ మూల కూర్చుంటది."

"ఎట్టా కూర్చోబెట్టుకుంటానమ్మా? కంప్యూటర్లో 'పూర్తి' అని పడింది. పూర్తయిన పిల్లని బళ్లోకి రానిస్తే నాకు మెమో. మధ్యాహ్నం అన్నం పెడితే ఇంకో మెమో. గుడ్డు పెట్టానని తెలిస్తే సస్పెన్షనే."

"మరి నా పిల్ల ఎక్కడ చదవాలండీ?"

"ఇంకా చదవడమేంటమ్మా? పెద్ద చదువైతే ఇంటరు. అవనిగడ్డ తీసుకెళ్లు."

ఇంటికొచ్చి చెబితే మొగుడు సాంబయ్య తొడ చరిచాడు. అతను రొయ్యల చెరువులకి ఐసు బండి తోలతాడు. "మా వంశంలో పదో తరగతి మొహం చూసినోడు లేడు. ఇప్పుడు ఒకత్తి గట్టెక్కింది, అదీ రెండు నిమిషాల్లో. నీకేం పోయే కాలం, ఏడుస్తావ్?"

"ఆ కాగితంలో ఏం రాసుందో దాన్నే చదవమను చూద్దాం."

సాంబయ్య పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని కాగితం ముందు పెట్టాడు. హన్విక దాన్ని ఎగాదిగా చూసి, "దీంట్లో బొమ్మల్లేవు," అని దిగిపోయింది. సాంబయ్య కాసేపు కాగితం వంక చూశాడు. తొడ మళ్లీ చరవలేదు.

నాంచారమ్మ చదువు ఏడో తరగతిలో ఆగింది. తమ్ముడు పుట్టాడు, ఎత్తుకునేవాళ్లు లేరు, అంతే. పోయిన ఏడాది పిల్లకి జ్వరమొస్తే మందుసీసా చేత్తో పట్టుకుని సాంబయ్య వచ్చేదాకా మూడు గంటలు నిలబడింది. సీసా మీద రెండుకీ అయిదుకీ మధ్య ఒక చుక్క ఉంది. అది చుక్కో, సీసా మీద పడ్డ మరకో తెలియలేదు. రెండున్నర పొయ్యాలా, ఇరవై అయిదు పొయ్యాలా? పిల్ల ఒళ్లు కాలిపోతుంటే ఆ చుక్క వంకే చూస్తూ, నా పిల్ల మాత్రం ఇలా నిలబడకూడదు అనుకుంది. తన చదువు ఆగిపోయింది, నిజమే. ఆగిపోయిందని తనకీ తెలుసు, ఊరికీ తెలుసు. ఆగిందాన్ని మళ్లీ నడపమని ఎవరినైనా బతిమాలుకోవచ్చు. పూర్తయిపోయిందని ముద్ర పడ్డాక ఎవరిని బతిమాలాలి?

అయినా ఆశ చావక మర్నాడు పిల్లని చంకనేసుకుని అవనిగడ్డ బస్సెక్కింది. కాలేజీ కిటికీ దగ్గర గుమాస్తా టీసీ చూశాడు. తల బయటపెట్టి కిందకి చూశాడు. పథకం సంగతి అతనికీ తెలుసు కాబట్టి ఆశ్చర్యపోలేదు.

"ఏ గ్రూపు కావాలి పాపా?"

"ఎర్రది," అంది హన్విక.

"ఎర్రది లేదమ్మా. లెక్కల గ్రూపుంది, జంతువుల గ్రూపుంది."

"జంతువులు."

గుమాస్తా రాసుకోబోయాడు. నాంచారమ్మ పిల్లని లాక్కుని మళ్లీ బస్సెక్కింది.

*

జూలైకి జిల్లా అంతా ఊపందుకుంది. హన్విక రికార్డు వారం తిరక్కుండా గల్లంతయింది. పక్క మండలంలో హాజరుపట్టీని గోడ సందు దగ్గరికే తెచ్చి ఒక నిమిషం తొమ్మిది సెకన్లకి దింపారు. ఇంకో ఊరి మాస్టారు అసలు పరుగే దండగన్నారు. ఆయన బళ్లో ఒకటో తరగతీ పదో తరగతీ ఒకే బెంచీ. పిల్ల ఈ చివర కూర్చుని ఆ చివరికి జరిగితే చాలు, నాలుగు సెకన్లు. ఆ బెంచీకి కొబ్బరినూనె రాసి మూడుకి తెచ్చారు.

తర్వాత చెరువుగట్టు బడివాళ్లు పిల్లాడు గడపలో కాలు పెట్టకముందే లోపల పేరు పిలిచేసి, వాడి తరఫున మాస్టారే పలికేశారు. అంటే పిల్లాడు బళ్లో చేరడానికి మూడు సెకన్ల ముందే చదువు ముగించాడు. సున్నాకన్నా తక్కువ కాలాన్ని నమోదు చెయ్యొచ్చా, చెయ్యకూడదా అని తేల్చడానికి ఒక త్రిసభ్య సంఘాన్ని వేశారు. ఆ సంఘం 'ప్రగతికి సున్నా అడ్డురాకూడదు' అని నివేదిక ఇచ్చింది. ఆ వారంలోనే నెలలు నిండిన ఆడవాళ్ల ఇళ్ల చుట్టూ మాస్టార్లు తిరిగారు, పుట్టబోయే బిడ్డ పేరు ముందే చెప్పమని.

గుల్లలపాలెంలో కోటిలింగం మాస్టారు వెనకబడ్డామన్న బెంగతో చిక్కిపోయారు. చిన్నబడి మొత్తం పదో తరగతి పాసై వీధిలో గోళీలాడుతోంది. అయిదుగురు టీచర్లూ ఖాళీ బడిలో కూర్చుని స్టాప్‌వాచీలు తుడుచుకుంటున్నారు. తొమ్మిదేళ్ల కాగితాలకి ఇప్పుడు మంజూరొచ్చి, సందు మూయడానికి పెదవాడ నుంచి సిమెంటు బస్తాతో వచ్చిన మేస్త్రికి 'విద్యాభివృద్ధికి ఆటంకము కలిగించినందుకు సంజాయిషీ' ఇవ్వమని నోటీసు వచ్చింది. సందు మీద 'జ్ఞానద్వారం' అని పలక తగిలించారు. ఆ పలక మీద ఏముందో దాంట్లోంచి దూరిన పిల్లలెవరికీ తెలియదు.

నాంచారమ్మ వల అల్లకం పని చేస్తుంది. అల్లుతూనే పిల్లకి తనకొచ్చిన అక్షరాలు నేర్పుదామని కూర్చుంది. హన్విక రెండు నిమిషాలు కూర్చునేది. ఆ పైన లేచిపోయి, "అమ్మా, నాది అయిపోయిందిగా," అనేది. తిడదామంటే పిల్ల మాటలో తప్పులేదు. ముద్ర వేసి మరీ చెప్పారు దానికి.

*

ఆగస్టులో పెద్దబడి ఆవరణలో సన్మానసభ పెట్టారు. షామియానా, పూలకుండీలు, మైకు. రికార్డు పిల్లలందరికీ శాలువాలు. ముఖ్య అతిథిగా బందరు నుంచి ఇర్ఫాన్‌నే పిలిపించారు. ఇరవై రెండేళ్ల బక్కపలచని కుర్రాడు, ఆడీ ఆడీ నొప్పిపుట్టిన మణికట్టుకి పట్టీ కట్టుకుని ఉన్నాడు. వేదిక మీద కుర్చీ అంచున, పరీక్ష రాయడానికి వచ్చినవాడిలా కూర్చున్నాడు.

విశ్వంభరం గారు వేగం గురించి గంటా పది నిమిషాలు మాట్లాడారు. "కాలయాపనయే విద్యకు ప్రథమ శత్రువు! ద్వితీయ శత్రువు పాఠ్యపుస్తకము! ఈ రెంటినీ అధిగమించుటలో ఈ యువకుడే మనకు మార్గదర్శి!" అని చప్పట్ల మధ్య మైకు ఇర్ఫాన్ చేతికిచ్చారు.

"నాకు మాట్లాడ్డం రాదండీ," అన్నాడు ఇర్ఫాన్. "అయ్యగారు నా ఆట చూశారట, సంతోషం. కానీ అది నాలుగు నిమిషాలు కాదండీ. ఆ గోడ దొరకటానికి నాకు ఆరేళ్లు పట్టింది. డెబ్భై రెండు గదులూ ఎన్ని వందలసార్లు తిరిగానో నాకే తెలీదు. ఏ మెట్టు విరిగిందో, ఏ దీపం ఎప్పుడు ఆరిపోద్దో, ఏ తలుపు వెనక ఏముందో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. అన్నీ తెలిశాకే ఏది వదిలెయ్యొచ్చో తెలిసిందండీ. ముందే వదిలేస్తే దాన్ని ఆట అనరు. ఇంకేమంటారో నాకు తెలీదు."

సభలో ఎక్కడో ఒక చంటిపిల్ల ఏడ్చింది. విశ్వంభరం గారు ఉపన్యాసం అయిపోయినట్టు గట్టిగా చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. శాలువా కోసం హన్వికని పట్టుకుని వరసలో నిలబడ్డ నాంచారమ్మ వేదిక ముందుకొచ్చింది. ఆ చప్పట్లలోంచే నోరు పెట్టుకుని అడిగింది.

"బాబూ, ఒక్క మాట! నా పిల్లకి ఏం వదిలేశారో కూడా తెలవదు. అయిపోయిన ఆట మళ్లీ మొదట్నుంచి ఆడొచ్చా?"

"ఎన్నిసార్లయినా ఆడొచ్చమ్మా. మేం రోజూ చేసేది అదే."

"మళ్లీ గోడలోంచే దూరాలా?"

"అక్కర్లేదు. ఇంకో రకం ఉందమ్మా, నూటికి నూరు అంటాం. దాంట్లో ఏదీ వదలకూడదు. ప్రతి గదిలోకీ వెళ్లాలి, ప్రతి పెట్టెనీ తెరవాలి. గోడలోంచి దూరితే అది లెక్కలోకి రాదు."

విశ్వంభరం గారు చెయ్యెత్తారు. "అమ్మా, పూర్తయిన విద్యార్థిని పునఃప్రవేశమునకు నిబంధనలు..."

నాంచారమ్మ ఆయన మొహంలోకి చూసింది. ఊళ్లో రొయ్యల బేరగాళ్లని ఎంతమందిని చూసిందో. దేనికి లొంగేవాడో మొహం మీదే రాసుంటుంది.

"దానికీ రికార్డుంటదా బాబూ?" అంది, చూపు ఆయన మీంచి తిప్పకుండానే.

"ఉంటదమ్మా. అన్నిట్లోకీ గొప్పది అదే."

"అయ్యగోరూ, ఆ రికార్డు మన జిల్లాలో ఎవరికుందండీ?"

విశ్వంభరం గారు చెయ్యి దింపారు. పక్కనున్న కోటిలింగం మాస్టారి చెవిలో ఏదో అడిగారు. మాస్టారు తల అడ్డంగా ఊపారు.

"ఎవరికీ లేదు," అన్నారు విశ్వంభరం గారు నెమ్మదిగా.

"పక్క జిల్లాలో?"

"వారికి ఈ విషయము తెలియనే తెలియదు." ఆయన గొంతు తగ్గింది. కళ్లలో వెలుగొచ్చింది. "మైకు ఆపండి. ఎవరైనా వింటారు."

అక్కడికక్కడే వేదిక మీద బల్ల వేయించి, ఇర్ఫాన్ చెబుతుంటే నిబంధనలు రాయించారు. ప్రతి పాఠము, ప్రతి అభ్యాసము పూర్తి కావలెను. పాఠశాల రికార్డులలో ఉన్న ఏ గది, ఏ పెట్టె, ఏ వ్యక్తి విడిచిపెట్టబడరాదు. ఒక్కటి విడిచినను ప్రయత్నము రద్దు, మరల మొదటి నుండి. కింద ఆయనే సంతకం చేశారు. రికార్డు ప్రయత్నానికి అభ్యర్థిని: కె. హన్విక. హన్వికకి కాలు మడమ పట్టేస్తే ఎలా అని మాస్టారు అనుమానపడితే, చిన్నబడి మొత్తాన్నీ అదనపు అభ్యర్థులుగా రాయించారు.

*

తర్వాత పదిహేను రోజులు బడికి పూనకం వచ్చింది.

రికార్డుల్లో పుస్తకాల బీరువా ఒకటుంది. దాని తాళంచెవి రిటైరైన డ్రిల్లు మాస్టారితో పాటు హైదరాబాదు వెళ్లిపోయింది. తాళాలవాడిని పిలిచి పగలగొట్టించారు. లోపల నూట నలభై పుస్తకాలు, విప్పని కట్టల్లోనే ఉన్నాయి. ఆడపిల్లల మరుగుదొడ్డి కూడా లెక్కప్రకారం గదే కాబట్టి దానికి తలుపు వచ్చింది. తలుపుతో పాటు ఎవరూ అడక్కుండానే నీళ్లు కూడా వచ్చాయి. సైన్సు పెట్టెలో భూతద్దం బయటపడింది. సందు మూసేశారు. మేస్త్రికిచ్చిన నోటీసు వెనక్కి తీసుకున్నారు.

రిజిస్టరులో ఇంగ్లీషు మాస్టారు ఒకాయన ఉన్నారు. ఆయన్ని ఊళ్లో ఎవరూ చూడలేదు. ఏడేళ్లుగా జిల్లా ఆఫీసులో ఉత్తర్వులు టైపు చేస్తున్నారు. 'ఏ వ్యక్తి విడిచిపెట్టబడరాదు' అన్న ముక్క టైపు చేస్తుండగా అది తన గురించేనని ఆయనకి అర్థమైంది. రెండు బట్టల పెట్టెలతో, మొహం వేలాడేసుకుని, సోమవారం తొలి బస్సు దిగారు.

ఆ సోమవారమే ప్రయత్నం మొదలు. బల్ల మీద పెద్ద గడియారం పెట్టి నొక్కారు. హన్విక లోపలికి వెళ్లింది. నాంచారమ్మ ఇంటికొచ్చి వల ముందేసుకుంది. తొమ్మిదింపావు. వీధి వంక చూసింది. పిల్ల రాలేదు. పదయింది. ఎవరో పిల్ల అడుగుల చప్పుడు. వల వదిలేసి గుమ్మంలోకి పరిగెత్తింది. పక్కింటివాళ్ల మేకపిల్ల. అల్లిన ముడులు అన్నీ తప్పుగా పడుతున్నాయి. విప్పింది, మళ్లీ వేసింది. ఏ అధికారికి ఏ క్షణాన ఏం తోస్తుందో, పిల్ల మెడలో ఇంకో రేకు వేసి పంపించేస్తే?

మూడు గంటలకి బళ్లో ఫోను మోగింది.

"ప్రయత్నము ఏ దశలో ఉన్నది?" అన్నారు విశ్వంభరం గారు.

"'అ' దగ్గరున్నామండీ," అన్నారు కోటిలింగం మాస్టారు.

"పొద్దున్నుంచీ 'అ' దగ్గరేనా?"

"పిల్ల తిరగేసి రాస్తోందండీ. పోనీ అది వదిలేసి 'ఆ'కి పోదామా?"

"వద్దు వద్దు! రద్దయిపోతుంది! పక్క జిల్లావారికి తెలిసిపోయిందట, వారూ మొదలుపెడుతున్నారట. నేర్పండి, దగ్గర కూర్చుని నేర్పండి!" గొంతు తగ్గించి అడిగారు. "మొత్తము ఎంత కాలము పట్టవచ్చును?"

"పదేళ్లండీ."

అవతల నిబంధనల కాగితం తిరగేసిన చప్పుడైంది.

"అది రికార్డు సమయమేనా?"

"మొదటి రికార్డు కదండీ. ఎంత పట్టినా రికార్డేనండీ."

"అయితే సరే," అని ఆయన ఫోను పెట్టేశారు.

నాలుగు కొట్టేసరికి నాంచారమ్మ బడి గేటు దగ్గర ఉంది. పిల్లలు గోలగోలగా బయటికొచ్చారు. వాళ్లలో హన్విక లేదు. అందరూ వెళ్లిపోయాక, ముక్కు మీద సుద్దపొడితో, బరువైన సంచీని నేలకి రాస్తూ, తనలో తనే ఏదో గొణుక్కుంటూ నింపాదిగా వచ్చింది. చేతిలో కాగితం లేదు. మెడలో రేకు లేదు.

"ఏందే ఇంతసేపు? ఏమన్నారు?" అంది నాంచారమ్మ, సంచీ అందుకుంటూ.

"ఇంకా అవ్వలేదమ్మా," అంది హన్విక విసుగ్గా. "రేపు కూడా రమ్మన్నారు."